పేరు రాయని ల్యాండింగ్ కాగితం

కిందటి ఆదివారం ఆరాధన అయ్యాక మా చెల్లెలు నన్ను బలవంతంగా సికింద్రాబాద్‌లో కొత్తగా తెరిచిన ఒక మాల్‌కు లాక్కెళ్లింది. అక్కడ మూడో అంతస్తులో, ఒక పక్క మొక్కజొన్న గింజలు అమ్మే కొట్టు, ఇంకో పక్క చిన్నపిల్లల బొమ్మ రైలు, ఆ రెండింటి మధ్య నల్లగుడ్డ కట్టిన గదిలో నాకొక ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫైటర్ జెట్‌ను విజయవంతంగా రన్‌వే మీద దింపినందుకట. బంగారు రంగు అంచు, పైన రెండు రెక్కల బొమ్మ, మధ్యలో నా పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. ఇప్పుడది నా ముందు బల్ల మీద ఉంది. నాకు దాన్ని చించెయ్యాలని ఉంది. చెల్లెలేమో ఫ్రేము కట్టిద్దామంటోంది. ఆమెకు చెప్పి లాభం లేదు, నా పాత కథలకు ఆమె చెవులు ఎప్పుడో మూసుకుపోయాయి. మీకు చెబుతాను. ఒక కాగితం మీద మన పేరు ఉండటానికీ లేకపోవడానికీ ఒకప్పుడు ఎంత తేడా ఉండేదో మన ఈడువాళ్లకైతే అర్థమవుతుంది.

మాది చిలకలగూడ. నాన్న లాలాగూడ వర్క్‌షాపులో బ్రేకులు బాగుచేసే ఫిట్టరు. నేను మిషన్ బడిలో చదివాను, చర్చిలో వాక్యం చదవమంటే నన్నే పిలిచేవారు, ఎందుకంటే నా గొంతు మైకు లేకపోయినా చివరి బెంచీ దాకా వినిపించేది. ఆ గొంతు వల్లే ఇరవై రెండో ఏట నాకు ఉద్యోగం దొరికింది. యాప్రాల్ వైపు వెళ్లే బస్సెక్కితే వచ్చే ఒక విమాన శిక్షణ కేంద్రం అది. పేరు చెప్పను, చెబితే ఎవరో ఒకరు ఇప్పటికీ వెనకేసుకు వస్తారు.

అక్కడ పొడవాటి హాల్లో సిమ్యులేటర్ ఉండేది. ఇప్పటి పిల్లలకు సిమ్యులేటర్ అంటే కంప్యూటర్ ఆట. మాది అలా కాదు. హాలుకు ఒక చివర నిజమైన ఫైటర్ విమానం ముందు భాగం, రెక్కలు తోక లేకుండా, పీట మీద కూర్చోబెట్టి ఉండేది. రెండో చివర గోడంత ఎత్తున నిలబెట్టిన ఒక నమూనా ఉండేది. కొయ్యతో చేసిన రన్‌వే, దాని చుట్టూ రంగు పూసిన పొలాలు, స్పాంజి ముక్కలతో చెట్లు, అగ్గిపెట్టెలంత ఇళ్లు. ఆ నమూనా ముందు ఒక చిన్న కెమెరా పట్టాల మీద కదిలేది. కాక్‌పిట్‌లో కూర్చున్నవాడు విమానాన్ని నడిపే కర్ర కదిపితే, ఇక్కడ కెమెరా కదిలేది, అది చూసే దృశ్యం వాడి ముందున్న తెర మీద పడేది. విమానం ఎక్కడికీ పోదు, అయినా కూర్చున్నవాడికి చెమటలు పట్టేవి. నేను పక్కనున్న గాజు గదిలో మైకు ముందు కూర్చుని కంట్రోల్ టవర్‌లా మాట్లాడాలి. గాలి ఎటు వీస్తోందో చెప్పాలి, ఎత్తు ఎక్కువైతే ఎక్కువైందని, వేగం తగ్గితే తగ్గిందని హెచ్చరించాలి. రోజుకు ముప్పై నలభై ల్యాండింగులు నా గొంతు మీదుగా దిగేవి.

మొదటి రోజే ఇన్‌చార్జి సారు నా చేతికి ఒక కుంచె ఇచ్చాడు. ఒకప్పుడు విమానాలు నడిపి, మోకాలు చెడి నేల మీదకు వచ్చిన మనిషి. "ఏవమ్మా, ఆడపిల్లవి, చెయ్యి మెత్తగా ఉంటుంది, పొద్దున్నే మన రన్‌వే కాస్త ఊడ్చెయ్యి" అన్నాడు. శిక్షణకొచ్చిన కుర్రాళ్లంతా నవ్వారు. నేను ఇంటికెళ్లి నా ఉద్యోగ పత్రం రెండుసార్లు చదివాను, ఊడ్చడం అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఆ సంగతి కాగితం మీద రాసి ఇచ్చాను. జవాబు రాలేదు. కుంచె మాత్రం నా బల్ల మీదే ఉండేది.

నిజానికి ఊడ్చకపోతే కుదరదు. నమూనా మీద పిసరంత దుమ్ము పడ్డా తెర మీద బండరాయిలా కనిపిస్తుంది. ఒకసారి రన్‌వే మీదకు బల్లి ఎక్కింది. కాక్‌పిట్‌లో ఉన్నవాడికి అది రైలు డబ్బాల వరుసంత కనిపించి, శిక్షణ మరిచిపోయి కేక పెట్టాడు. దానికి కూడా తిట్లు నాకే పడ్డాయి, బల్లిని పిలిచి కూర్చోబెట్టింది నేనే అన్నట్టు. ఆ బల్లిని తోలేటప్పుడు రన్‌వే మొదట్లో ఎడమ పక్కనున్న ఎర్ర షెడ్డు కప్పు ఊడిపోతే నేనే జిగురు పెట్టి అంటించాను. ఈ షెడ్డు సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఆ హాలు ఆచారం చెప్పాలి. గాజు గదిలో నా పక్కనే ఒక బల్ల, దాని మీద పెద్ద కాగితం, కాగితం మీద విమానం దిగాల్సిన దారి సన్నటి గీతగా ముందే అచ్చువేసి ఉండేది. యంత్రానికి అమర్చిన నీలం సిరా పెన్ను, విమానం నిజంగా దిగిన దారిని ఆ గీత పక్కన గీసుకుంటూ పోయేది. కొత్తవాళ్ల గీతలు చూస్తే జ్వరం వచ్చినవాడి చార్టు గుర్తొచ్చేది. ఎవరైనా మొదటిసారి శుభ్రంగా దింపితే, సారు ఆ పెన్నును యంత్రం నుంచి ఊడదీసి వాడి చేతికిచ్చేవాడు. వాడు అదే సిరాతో, అదే కాగితం మీద తన పేరు రాసుకోవాలి. కింద సారు సంతకం. దింపినవాడి ఖర్చుతో ఉస్మానియా బిస్కెట్లు, చాయ్. కాగితం వరండా గోడకెక్కేది. కూలిపోతే తెర ఎర్రబడి, హాలంతా వినబడేలా గంట మోగేది. పేరు రాయాలంటే దిగాలి, వేరే దారి లేదు. ఆ ఒక్క విషయంలో ఆ చోటు నాకు నచ్చేది, ఇంకే విషయంలోనూ కాదు.

ఐదేళ్లు గడిచాక ఒక రోజు ఒక కుర్రాడు వరసగా మూడుసార్లు కూల్చి, బయటికొచ్చి, టవర్ ఆలస్యంగా చెప్పిందని నా మీదకు తోశాడు. నేను ఆలస్యం చేయలేదని, వేగం పడిపోతోందని రెండుసార్లు చెప్పానని అన్నాను. సారు వాడి భుజం తట్టి, నా ముందే, "పోనీలేరా, విమానం గురించి ఆవిడకేం తెలుసు, ఇచ్చిన కాగితం చదువుతుంది" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నోట్లో బిస్కెట్టు ఉంది. పొడి ఆయన మీసం మీద ఉండటం నాకిప్పటికీ కనబడుతుంది, తలుచుకుంటే అదే రోత.

ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాను, నేను దింపాలి, ఆ గోడ మీద నా పేరు పడాలి. కాక్‌పిట్‌లో ఒక్కసారి కూర్చోనివ్వమని అర్జీ రాశాను. సారు చదివి, మడిచి, ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టుకున్నాడు.

దారి చూపింది మెకానిక్ అన్న. యంత్రాన్ని నడిపించే మోటార్లు, వైర్లు అన్నీ ఆయన చేతిలో ఉండేవి. నన్ను చెల్లె అని పిలిచేవాడు. మధ్యాహ్నం సారు ఇంటికెళ్లి భోంచేసి కునుకు తీసి వచ్చేలోగా, రెండో బ్యాచి కోసం యంత్రాన్ని ఒకసారి నడిపి చూడటం అన్న పని. "గా టైముల కూసో చెల్లె, ఎవ్వల్ని అడుగుడేంది. గంట సంగతి నేను చూస్కుంట" అన్నాడు. తన తువ్వాలు తెచ్చి గంటలో కుక్కేశాడు. నేను కూలినప్పుడల్లా అది గొంతు పట్టేసిన ముసలాయన దగ్గులా వినిపించేది.

చదివిన మాటలు వేరు, చేతిలో కర్ర వేరు. ఐదేళ్లుగా "ముక్కు ఎత్తు, శక్తి పెంచు" అని పక్కవాళ్లకు చెప్పినదాన్ని, నాకు నేను చెప్పుకోలేకపోయాను. ఫైటర్ జెట్ ముక్కు పైకెత్తుకుని దిగుతుంది, కాబట్టి దిగాల్సిన రన్‌వే ఆ ముక్కు వెనకే దాక్కుంటుంది. అందరూ మెడ చాపి వెతుకుతారు, వెతికే లోపల విమానం కుంగిపోతుంది. ఇంకో చిక్కు ఇంజన్‌ది. ఎడమ చేత్తో మీట ముందుకు తోస్తే శక్తి వెంటనే రాదు, నాలుగైదు సెకన్లు ఆగి వస్తుంది. కుంగుతున్నామని తెలిశాక తోస్తే, ఆ శక్తి వచ్చేసరికి మనం నేలలో ఉంటాం. పద్దెనిమిదిసార్లు నేలలోకే పోయాను.

ఒక సాయంత్రం అన్నం తింటూ ఈ ఇంజన్ సంగతి నాన్నకు చెప్పాను, ఎవరో కుర్రాడి కష్టం అన్నట్టుగా. ఆయన ముద్ద కలుపుతూనే, రైలు బ్రేకు కూడా అంతేనని, చెయ్యి వేసిన చోట ఏదీ ఆగదని, ఆగాల్సిన చోటు కంటికి కనబడకముందే చెయ్యి వేసేవాడే డ్రైవరని చెప్పాడు. కళ్లతో కాదు, దారి పక్కనున్న గుర్తులతో నడుపుతారట. ఫలానా సిగ్నల్ స్తంభం దాటితే ఇంత, ఫలానా గేటు దాటితే ఇంత.

దారి పక్క గుర్తులు నాకంటే ఎవరికి తెలుసు? ఆ నేలను ఐదేళ్లు కుంచెతో తుడిచింది నేను. మర్నాడు మధ్యాహ్నం కూర్చుని, ముక్కు వెనకున్న రన్‌వే కోసం వెతకడం మానేశాను. వంకర పొలం దాటగానే కుంగకముందే మీట కొంచెం తోశాను. మూడు స్పాంజి చెట్లు దాటాక ఇంకొంచెం. నేను జిగురు పెట్టి అంటించిన ఎర్ర షెడ్డు నా ఎడమ మోచేతి కిందకు రాగానే మీట వెనక్కి లాగేసి, కర్రను కదలకుండా పట్టుకున్నాను. కుర్చీ కింద చిన్న కుదుపు. గంట దగ్గలేదు. తెర మీద రన్‌వే గీతలు నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా జారి, ఆగాయి. కాసేపు నాకు దిగబుద్ధి కాలేదు. గాజు గదిలోంచి అన్న అరిచాడు, "ఏందే చెల్లె గిది, గీత మీదనే గీత కొట్టినవ్!"

వెళ్లి చూశాను. నీలం గీత అచ్చుగీతను విడవకుండా పోయింది, చివర్లో వెంట్రుకవాసి మాత్రమే తేడా. అన్న పెన్ను ఊడదీయబోతున్నాడు. సరిగ్గా అప్పుడే సారు వచ్చాడు, ఆ రోజే కునుకు పట్టలేదో ఏమో. కాగితం చూసి ముఖం వెలిగిపోయింది, ఎవడు వాడు, పిలవండి అన్నాడు. నేనే అన్నాను. ఆయన నవ్వాడు. నా వైపు కూడా చూడకుండా అన్నను అడిగాడు, "ఏవయ్యా, కాక్‌పిట్‌లో ఎవరు కూర్చున్నారు?"

అన్న గంటలో ఉన్న తువ్వాలు వైపు చూశాడు, తర్వాత తన చెప్పుల వైపు చూశాడు. "నాకెర్క లేదు సార్, నేను మిషిన్ టెస్ట్ చేస్తున్న" అన్నాడు.

అంతే. సారు కాగితాన్ని బల్ల మీంచి తీసుకున్నాడు. వారంలో దానికి అద్దం వేయించి తరగతి గదిలో నల్లబల్ల పక్కన తగిలించాడు. పేరు రాయాల్సిన చోటు ఖాళీ, సంతకం చోటు ఖాళీ. ప్రతి కొత్త బ్యాచికీ కర్రతో చూపించి, యంత్రం తనంతట తాను దింపితే ఇలా ఉంటుంది, మనిషి దీనికి ఎంత దగ్గరగా వస్తే అంత గొప్ప అని పాఠం చెప్పేవాడు. నేను గాజు గదిలోంచి వినేదాన్ని. మూడు అర్జీలు రాశాను. మూడూ బల్ల కాలి కిందకే పోయి ఉంటాయి, ఎందుకంటే ఆ బల్ల ఊగడం మానేసింది.

సాయంత్రం అన్న బస్టాపు దాకా వెంటబడ్డాడు. "నౌకరీ పోతది చెల్లె, ఇద్దరు పిల్లలున్నరు, నన్ను పరేషాన్ చెయ్యకు" అన్నాడు. నేను బస్సెక్కేశాను. ఆ తర్వాత పదకొండేళ్లు ఒకే హాల్లో పనిచేసి ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. యంత్రం చెడితే చీటీ రాసి ఆయన బల్ల మీద పెట్టేదాన్ని.

ఒక్కసారి మాత్రం నోరు జారాను, కాదు, జారలేదు, కావాలనే తెరిచాను. ఒక కుర్రాడు చక్కగా కిందకు వస్తూ, ఉత్సాహంగా, నేను ఆ గోడ మీది కాగితంలా వస్తున్నానా అని రేడియోలో అడిగాడు. నేను మైకు నొక్కి, టవర్ గొంతుతోనే, ఎత్తు సరిగ్గా ఉంది, వేగం సరిగ్గా ఉంది, ఆ కాగితం మీద దిగింది నేను, ఎర్ర షెడ్డు మోచేతి కిందకు రాగానే శక్తి తగ్గించు అని చెప్పాను. వాడు చెప్పినట్టు చేసి, దిగాడు. వాడికి బిస్కెట్లు, నాకు మెమో. టవర్ మైకులో సొంత సంగతులు మాట్లాడినందుకు నెల రోజులు నన్ను మైకు దగ్గరికి రానివ్వలేదు, కుంచె మాత్రం ఇచ్చారు. ఆ మెమో నా దగ్గర భద్రంగా ఉంది. నేను దిగానని ఒప్పుకోకపోయినా, అలా అన్నానని మాత్రం అందులో వాళ్లే రాసుకున్నారు.

తర్వాత కంప్యూటర్ల యంత్రం వచ్చింది, పాతదాన్ని విప్పేశారు. అప్పటికి సారు పదవీ విరమణ చేసి, ఏ అర్జీ చేరలేని చోటికి వెళ్లిపోయాడు. ఒక మధ్యాహ్నం మెకానిక్ అన్న చిలకలగూడలో మా ఇంటి ముందు ఆటో దిగాడు. చేతిలో పాత పేపర్లో చుట్టిన కాగితం గొట్టం. "తుక్కుల పోతుంటే తీస్కొచ్చిన చెల్లె. నీదే కదా. జెర మాఫ్ చెయ్యి" అన్నాడు. నేను విప్పి చూశాను. అద్దం మరకలు తప్ప నీలం గీత అలాగే ఉంది. నేను అడిగింది ఒక్కటే, పెన్ను తెచ్చావా అని. ఆయన బిక్కమొహం వేశాడు. "పెన్నా? గది మిషిన్‌తోనే పాయె." చాయ్ ఇచ్చాను. మాఫీ ఇవ్వలేదు. రెండేళ్లకు ఆయన పోయాడని తెలిసి వెళ్లాను, వెనక వరసలో నిలబడి వచ్చేశాను. ఆ ఒక్క మనిషి తప్ప ఆ ల్యాండింగ్ నాదని చూసినవాళ్లెవరూ లేరన్నది అక్కడ నిలబడ్డప్పుడే తట్టింది.

ఇంట్లో పెన్నులకేం కొదవ, రాసుకోవచ్చుగా అని చెల్లెలు వందసార్లు అంది. రాసుకోవడానికి అది నోటు పుస్తకం కాదు. దింపినవాళ్ల చేతికి పెన్ను ఎవరో ఒకరు ఇవ్వాలి.

ఇక మాల్ సంగతి. నల్లగుడ్డ గదిలో కుర్చీ చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి, చెల్లెలు అది కనిపెట్టి టికెట్టు కొనేసింది. "ఎక్కు అక్కా, ఎక్కి ఆ గోల ఇప్పటికైనా వదిలించుకో" అంది. అక్కడి అమ్మాయి నాకు హెల్మెట్ పెడుతూ, "ఏం టెన్షన్ పడకండి ఆంటీ, ఆటో మోడ్ పెట్టిన, అదే దిగిపోతది" అంది. ఆటో తీసెయ్యమన్నాను. ఆ అమ్మాయి చెల్లెలి వైపు చూసింది, చెల్లెలు తల ఊపింది, తీసేసింది.

తెర మీద బ్రహ్మాండమైన రన్‌వే, చుట్టూ నిజమైన చెట్లలాంటి చెట్లు, మబ్బులు, సముద్రం. నాకు తెలిసిన గుర్తు ఒక్కటీ లేదు. వంకర పొలం లేదు, షెడ్డు లేదు. అయినా చేతులు కొంతదాకా గుర్తుపట్టాయి. చివర్లో కుంగుతున్నట్టు తెలిసింది, మీట తోశాను, తోస్తున్నప్పుడే తెలుసు ఆలస్యమైందని. డెబ్భై దాటిన చెయ్యి మరి. నేలలోకి పోయాను. అది నా పంతొమ్మిదో కూలడం. కళ్లు మూసుకుని గంట కోసం చూశాను.

గంట మోగలేదు. ఏదో సంగీతం మోగింది. తెర మీద రంగు కాగితపు ముక్కలు రాలాయి. "సూపర్ చేసిండ్రు ఆంటీ" అని ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను కూలానమ్మా అన్నాను. "ఏం కాదాంటీ, అందరికీ ఇస్తం" అంది, యంత్రం అప్పటికే నా పేరు అచ్చువేస్తోంది. నా పేరు తీసెయ్యమని అడిగాను. అలా తీసే బటన్ లేదట. ఇంటికొచ్చి మాల్ వాళ్లకు ఫిర్యాదు రాశాను, కూలినవాళ్లకు దిగినట్టు రాసివ్వడం తప్పు, కనీసం ఒక గంట పెట్టండి అని. నా అభిప్రాయానికి ధన్యవాదాలని యంత్రం రాసిన జవాబొకటి వచ్చింది.

ఇప్పుడు బల్ల మీద రెండు కాగితాలూ పక్కపక్కన పరిచాను. ఒకదాని మీద ల్యాండింగ్ ఉంది, పేరు లేదు. ఇంకోదాని మీద పేరు ఉంది, ల్యాండింగ్ లేదు. మా హాల్లో మనుషులు అబద్ధమాడారు, సారు ఆడాడు, అన్న ఆడాడు, వాళ్లను నేను క్షమించలేదు, క్షమించను. కానీ గంట ఏనాడూ అబద్ధమాడలేదు. తువ్వాలు కుక్కినా దగ్గేది. ఆ చోటును ఇన్నేళ్లు అసహ్యించుకున్నదాన్ని, మాల్‌లో ఆ కుర్చీలో హెల్మెట్ తీయకుండా కూర్చుని, చప్పట్లు కొట్టిన ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని లేపేదాకా, ఆ గంట కోసమే ఎదురుచూస్తూ ఉండిపోయాను.